తినే ఆపిల్, జింకల ఆపిల్: ఈ గీత ఎంతవరకు నిజం?

అమెరికాలో చలి ముదిరిందంటే పళ్ల మొక్కలు అమ్మే నర్సరీల క్యాటలాగులు ఇళ్లకు చేరడం మొదలవుతుంది. ఒకప్పుడు వాటిలో ఆపిల్ అంటే మనుషులు తినే ఆపిలే. ఇప్పుడు చాలా నర్సరీలు మరో విభాగం తెరిచాయి: జింకల కోసం ఆపిల్, జింకల కోసం క్రాబ్ ఆపిల్. కొనేవాళ్లలో వేటగాళ్లు ఎక్కువ. అడవి అంచున పదో ఇరవయ్యో ఎకరాలు ఉండి, శరదృతువులో తెల్లతోక జింకలు తమ పొలంలోకి రావాలని కోరుకునేవాళ్లు. వేట జోలికి పోకుండా, జింక వస్తే కిటికీలోంచి చూసి మురిసిపోయేవాళ్లూ ఉన్నారు.

ప్రశ్న ఏమిటంటే, ఈ రెండు విభాగాల చెట్లు నిజంగా వేరువేరా? నా తీర్పు ముందే చెప్పేస్తాను. వేరు కావు. పండిన ఆపిల్ కింద పడితే జింక దాని పేరు అడగదు. చెట్టు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది కాయ ఏ నెలలో రాలుతుంది, ఏ తెగుళ్లను తట్టుకుంటుంది, ఏ వేరు మీద అంటు కట్టారు అన్నవి. ఈ మూడూ సరిచూసుకున్నాక మనిషి నాలుక కోరేదాన్ని వదులుకోవాల్సిన పనే లేదు. జింకల పేరు చెప్పి పనికిమాలిన పులుపు కాయలు నాటడం, మనిషి పేరు చెప్పి మందు కొట్టనిదే బతకని చెట్లు నాటడం, రెండూ ఒకే తప్పుకు రెండు ముఖాలు.

ముందుగా క్రాబ్ ఆపిల్ సంగతి. అదొక ప్రత్యేక జాతి అనుకుంటారు చాలామంది. కాదు. వాడుకలో రెండు అంగుళాల కంటే తక్కువ అడ్డకొలత ఉన్న ఆపిల్ కాయను క్రాబ్ అంటారు, అంతే. అందులో అమెరికా అడవుల్లో పుట్టిన జాతులున్నాయి, సైబీరియా నుంచి వచ్చినవి ఉన్నాయి, జపాన్ పూలచెట్లు ఉన్నాయి, పెద్ద ఆపిల్‌తో సంకరమై పుట్టినవీ ఉన్నాయి. మనం బజారులో కొనే ఆపిల్‌కు పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్ కొండలు. కజకిస్తాన్‌లో ఆ అడవి ఆపిల్ వనాలు ఇప్పటికీ ఉన్నాయి. రష్యన్ శాస్త్రవేత్త నికొలాయ్ వావిలోవ్ 1929లో అక్కడికి వెళ్లి, ఆపిల్ పుట్టింది ఇక్కడేనని గుర్తించాడు. 1989 నుంచి 1996 వరకు అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు అక్కడి నుంచి గింజలు, పుల్లలు తెచ్చి న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో పెంచారు. ఆ ఆపిల్ పడమటికి ప్రయాణించే దారిలో యూరప్ క్రాబ్ ఆపిల్‌తో కలిసిపోయిందని జన్యు పరిశోధనలు తేల్చాయి. అంటే మనం గొప్పగా చూసుకునే పెద్ద ఆపిల్ ఒంట్లోనే క్రాబ్ రక్తం ఉంది.

ఆపిల్ గింజ నాటితే తల్లి చెట్టు కాయే వస్తుందన్న నమ్మకం లేదు. బంగినపల్లి టెంక పాతితే బంగినపల్లే కాస్తుందని ఎవరూ పూచీ ఇవ్వనట్టే. అందుకే పేరున్న ప్రతి రకమూ ఒకే ఒక్క చెట్టు నుంచి అంటు ద్వారా వ్యాపించింది. గింజ మొక్కలను ఊరూరా నాటుతూ తిరిగిన జాన్ చాప్‌మన్, జనం జానీ ఆపిల్‌సీడ్ అని పిలుచుకున్న ఆయన, 1774లో పుట్టి 1845లో పోయాడు. ఆయనకు అంటు కట్టడం ఇష్టం లేదు. ఆయన నర్సరీల నుంచి వచ్చిన చెట్ల కాయలు తినడానికి పెద్దగా పనికొచ్చేవి కావు, సైడర్ అనే పులిసిన ఆపిల్ పానీయానికే సరిపోయేవి. ఈనాటికీ పాడుబడ్డ పొలాల్లో, రోడ్డు పక్క పొదల్లో కనిపించే పేరులేని ఆపిల్ చెట్లు ఇలా గింజల నుంచి లేచినవే. వేటగాళ్లకు బాగా తెలిసిన రహస్యం ఒకటుంది. జింకలు ఏటా తిరిగి వచ్చే చోట్లు చాలావరకు ఈ చెట్ల కిందే ఉంటాయి. వాటిని ఏ నర్సరీ అమ్మలేదు. ఎవరూ మందు కొట్టకపోయినా యాభై అరవై ఏళ్లు నిలబడ్డ చెట్టే తన యోగ్యత తాను చాటుకున్నట్టు.

ఈ కథలో మిన్నెసోటా రాష్ట్రానికి పెద్ద పీట వేయాలి. అక్కడి చలికి తూర్పు రాష్ట్రాల నుంచి తెచ్చిన ఆపిల్ చెట్లు చచ్చిపోయేవి. పీటర్ గిడియన్ అనే రైతు ఏళ్ల తరబడి గింజలు నాటాడు, వరసగా అన్నీ పోయాయి. చలికోటు కొనుక్కోవాల్సిన డబ్బును కూడా గింజలకే పంపాడని అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి ఒక చెట్టు బతికింది. 1868లో దాన్ని లోకానికి అందించి, భార్య పేరు మీద వెల్తీ అని పిలిచాడు. తరువాత మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఆ బాట పట్టింది. 1922లో హరల్సన్, 1991లో హనీక్రిస్ప్ ఇచ్చింది. హనీక్రిస్ప్ కథలో ఒక చమత్కారం ఉంది. దాని పేటెంట్ కాగితాల్లో రాసిన తల్లిదండ్రులు తప్పని తరువాత డిఎన్ఏ పరీక్షల్లో తేలింది. అసలు తల్లిదండ్రుల్లో ఒకటి కీప్‌సేక్ అనే రకం, రెండోది ఆ విశ్వవిద్యాలయంలోనే పెరిగి పేరు పెట్టకుండా నంబరుతో మిగిలిపోయిన చెట్టు. పనికిరాదని కొట్టేయడానికి గుర్తు పెట్టిన మొక్కను డేవిడ్ బెడ్‌ఫోర్డ్ అనే శాస్త్రవేత్త ఆపబట్టే అది దక్కింది.

క్రాబ్ ఆపిల్ ఇచ్చిన అసలు వరం మాత్రం రుచిలో లేదు, తెగులు నిరోధంలో ఉంది. ఆపిల్ ఆకులకు, కాయలకు నల్లటి మచ్చలు తెచ్చే స్కాబ్ తెగులు తడి వాతావరణంలో తోటలను నాశనం చేస్తుంది. మలస్ ఫ్లోరిబండా అనే జపాన్ పూల క్రాబ్‌లో 821 నంబరు చెట్టుకు ఆ తెగులును నిలవరించే జన్యువు ఉందని ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో గుర్తించారు. చిన్న గింజంత కాయలు కాసే ఆ చెట్టును పెద్ద ఆపిల్‌తో కలిపి, వచ్చిన సంతానాన్ని మళ్లీ మళ్లీ పెద్ద ఆపిల్‌తో కలుపుతూ కాయ పరిమాణం పెంచారు. ఇది రెండు తరాల శాస్త్రవేత్తల పని. ప్యూర్డ్యూ, రట్గర్స్, ఇల్లినాయి విశ్వవిద్యాలయాలు కలిసి 1970లో ప్రైమా అనే మొదటి రకాన్ని విడుదల చేశాయి. జెనీవాలో 1978లో లిబర్టీ వచ్చింది. 1990ల మొదట్లో ఎంటర్‌ప్రైజ్, గోల్డ్‌రష్ వచ్చాయి. ఎంటర్‌ప్రైజ్‌ను హనీక్రిస్ప్‌తో కలిపి వాషింగ్టన్ రాష్ట్ర విశ్వవిద్యాలయం సృష్టించిన కాస్మిక్ క్రిస్ప్ 2019 చివర్లో దుకాణాలకు చేరింది. అమెరికాలో ఖరీదుగా అమ్ముడయ్యే ఈ పండు వంశవృక్షంలో ఒక పూల క్రాబ్ ఉంది. క్రాబ్‌ను జింకల తిండి అని చిన్నచూపు చూసేవాళ్లకు ఈ మాట చెప్పాలి. ఆ జన్యువు శాశ్వత కవచమేమీ కాదు. యూరప్‌లో 1980ల చివరికల్లా దాన్ని దాటే స్కాబ్ రకాలు పుట్టుకొచ్చాయి. అయినా పెరటి తోటలకు ఇప్పటికీ అది పెద్ద అండ.

ఇక రుచి. నేరుగా నోట్లో వేసుకుని తినగలిగే క్రాబ్‌లు నాలుగైదు ఉన్నాయి. వాటిలో చెస్ట్‌నట్ క్రాబ్‌ను మించింది నా దృష్టిలో లేదు. 1940ల చివర్లో మిన్నెసోటా నుంచి వచ్చిందిది. గోధుమరంగు గరుకు తొక్క, పసుపు కండ, తీపితో పాటు బాదంపప్పు లాంటి కమ్మదనం. పిల్లలు రెండు కొరుకుల్లో తినేసే పరిమాణం. సెంటెనియల్ కొంచెం పొడవుగా, ఎరుపు పసుపు కలిసి ఉంటుంది. చెట్టు మీద నుంచి కోసి అప్పటికప్పుడు తినాలి, నిలవ ఉండదు. విట్నీ పాతకాలపు ఇల్లినాయి రకం, తీపి ఎక్కువ, ఊరగాయకూ బాగుంటుంది. కెనడాలోని మానిటోబాలో పుట్టిన కెర్ మరో తీరు. డాల్గో, హరల్సన్ కలిస్తే వచ్చిందది. అక్టోబర్‌లో పుల్లగా, వగరుగా ఉంటుంది. కోసి కొన్ని వారాలు చల్లచోట ఉంచితే మెత్తబడి తీపెక్కుతుంది, కోయకపోతే చలికాలం దాకా కొమ్మకే వేలాడుతుంది. మనిషికీ జింకకూ ఒకే చెట్టు చాలనడానికి ఇది మంచి సాక్ష్యం.

డాల్గోను మాత్రం నేను తినే క్రాబ్‌గా లెక్కించను. 1897లో దక్షిణ డకోటా ప్రొఫెసర్ నీల్స్ హాన్సెన్ రష్యా నుంచి తెచ్చిన గింజల సంతతి అది. చలికి, తెగుళ్లకు చెక్కుచెదరదు. పూత విరగబూస్తుంది, ఇతర ఆపిల్‌లకు పుప్పొడి అందిస్తుంది. కాయ ఎర్రటి పగడంలా ఉన్నా కొరికితే దవడలు లాగే పులుపు. జెల్లీకి మాత్రం సాటిలేదు, ఎందుకంటే అందులో పెక్టిన్ నిండుగా ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆల్బర్ట్ ఎట్టర్ పెంచిన విక్సన్ దానికి వ్యతిరేకం. తీపి, పులుపు రెండూ తారస్థాయిలో ఉండి ఒకదాన్నొకటి మోస్తాయి. వర్జీనియాలో, అమెరికా అధ్యక్షుడిగా పనిచేసిన జెఫర్సన్ తన తోటలో నాటించిన హ్యూస్ క్రాబ్ తినడానికి కాదు, సైడర్‌కు. వగరు తెలియని నాలుకలు దాన్ని ఉమ్మేస్తాయి. ఉసిరి, వెలగ తిని పెరిగినవాళ్లు మరో కాయ అడుగుతారేమో.

పెద్ద ఆపిల్‌ల రుచి చూడటంలో చాలామంది చేసే పొరపాటు ఒక్క రోజు చూసి తీర్పు చెప్పేయడం. గోల్డ్‌రష్‌ను అక్టోబర్ చివర కోసిన రోజు తింటే గట్టిగా, పుల్లగా, మొరటుగా ఉంటుంది. జనవరిలో అదే పండు తీపి, పులుపు సమంగా కలిసి మసాలా వాసన విసురుతుంది. న్యూటౌన్ పిప్పిన్, ఆర్కాన్సాస్ బ్లాక్, రాక్స్‌బరీ రసెట్ ఇదే కోవకు చెందుతాయి. కాయలోని పిండిపదార్థం నెమ్మదిగా చక్కెరగా మారడం, ఆమ్లం తగ్గడం ఇందుకు కారణం. పండిందో లేదో తేల్చడానికి తోటల్లో ఒక సులభమైన పరీక్ష ఉంది. కాయను అడ్డంగా కోసి అయోడిన్ పూస్తే పిండి ఉన్నంత మేర నల్లబడుతుంది, చక్కెరగా మారినచోట రంగు పట్టదు. వేసవి రకాలది ఇందుకు వ్యతిరేక స్వభావం. ఎల్లో ట్రాన్స్‌పరెంట్ జులైలో పండుతుంది, కోసిన మూడో రోజుకే పిండిపిండిగా అవుతుంది.

రంగు చూసి మోసపోవడానికి చరిత్రలో ఉదాహరణ రెడ్ డెలిషస్. అయోవా రాష్ట్రంలో జెస్సీ హయాట్ అనే రైతు పొలంలో దానంతట అదే మొలిచిన చెట్టు అది. స్టార్క్ సోదరుల నర్సరీ 1890ల్లో దాన్ని కొనుక్కుంది. మొదటి కాయ చారలతో, తీపిగా ఉండేది. తరువాత దశాబ్దాల పాటు ఎర్రగా ఉన్న కొమ్మలనే ఏరి అంటు కట్టుకుంటూ పోయారు. ఎరుపు పెరిగింది, తొక్క మందమైంది, రుచి అడుగంటింది. 2018లో అమెరికా ఆపిల్ ఉత్పత్తిలో గాలా దాన్ని వెనక్కి నెట్టి మొదటి స్థానంలోకి వచ్చింది. ఇంట్లో చెట్టు పెట్టేవాడు దుకాణం రకాల కోసం పాకులాడకపోవడమే మంచిది. గాలా, ఫ్యూజీ రెండూ ఫైర్ బ్లైట్ అనే బ్యాక్టీరియా తెగులుకు సులువుగా లొంగిపోతాయి. ఆ తెగులు సోకితే కొమ్మలు కాలినట్టు నల్లబడి వంగిపోతాయి.

జింకల వైపు చూద్దాం. 1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు ఐదు లక్షలకు మించి లేవని అంచనా. వేట నియమాలు వచ్చాక, పొలాలు మళ్లీ పొదలయ్యాక ఇప్పుడు సుమారు మూడు కోట్లు. వాటికి ఆపిల్ బలమైన ఆహారం కాదు. కాయలో ఎనభై ఐదు శాతం నీరు, పది శాతం చక్కెర, మాంసకృత్తులు లేనట్టే. జింక కండ పట్టేది చిగుళ్లు, ఆకులు, ఓక్ కాయల మీద. ఆపిల్ దానికి మిఠాయి. పిలిచి రప్పించడానికి పనికొస్తుంది, పెంచడానికి కాదు. ఈ తేడా చెప్పకుండా జింకల బరువు, కొమ్ముల సైజు పెంచే ఆపిల్ అని రాసే ప్రకటనలను నేను నమ్మను.

మరి నెలల లెక్క ఎందుకు? జింకలు జతకట్టే కాలం ఉత్తర రాష్ట్రాల్లో నవంబర్. వేట కాలమూ దాదాపు అదే. డాల్గో కాయలు ఆగస్టు చివరి నుంచే రాలిపోయి సెప్టెంబర్‌లో చెట్టు బోసిపోతుంది. వేటగాడికి అది పనికిరాని చెట్టు, ఆ నెలలో జింకలను చూడాలనుకునే ఇంటావిడకు పండగ. లిబర్టీ సెప్టెంబర్ చివర, ఎంటర్‌ప్రైజ్ అక్టోబర్ మధ్యలో, గోల్డ్‌రష్ నవంబర్ దగ్గరపడ్డాక. వీటి తరువాత చలికాలం దాకా కాయను వదలని క్రాబ్‌లు వస్తాయి. మంచు తగిలి మెత్తబడి, ఒక్కొక్కటే రాలుతూ డిసెంబర్, జనవరిల్లో అడవి వెలవెలబోయినప్పుడు అవే మిగులుతాయి. పక్షులూ పంచుకుంటాయి. అందుకే రకం పేరు కంటే కాపు వరస ముఖ్యం. ఒకే రకం పది చెట్లు నాటినవాడికి ఒక్క వారం విందు దొరుకుతుంది, అంతే.

నాటాక మొదటి శత్రువు జింకే. ఇది తమాషా కాదు. జింకకు పై ముందు పళ్లు ఉండవు, చిగురును కొరకలేక పీకేస్తుంది, చివర చీలికలుగా మిగులుతుంది. శరదృతువులో మగ జింక కొమ్ములతో లేత మానును రుద్ది బెరడు ఊడదీస్తుంది. అందుకే కోసే చేతికి అందాలని నాటే ఎం 9 వంటి పొట్టి వేర్లు జింకల తోటకు పనికిరావు. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ నుంచి వచ్చిన ఆ వేరు మీద మొక్క రెండు మూడేళ్లలో కాస్తుంది నిజమే, కానీ జీవితాంతం ఊతకర్ర కావాలి, కొమ్మలన్నీ జింక నోటికి అందుతాయి. ఎంఎం 111, రష్యా నుంచి వచ్చిన బి 118, ఇంకా పెద్దగా కావాలంటే అంతొనొవ్కా గింజ వేరు తీసుకోవాలి. వీటి మీద కాపు ఆలస్యం అవుతుంది కానీ కొమ్మలు ఆరడుగులపైకి లేస్తాయి. నార్తర్న్ స్పై వంటి బద్ధకపు రకాన్ని గింజ వేరు మీద కడితే కాయ కోసం పదేళ్లకు పైగా ఎదురుచూడాలి. అది తాతలు మనవల కోసం నాటే చెట్టు.

చుట్టూ ఇనుప వల ఐదడుగుల ఎత్తున, నాలుగైదు అడుగుల అడ్డకొలతతో కట్టాలి. మాను అడుగున సన్నపు లోహపు జల్లెడ చుట్టకపోతే చలికాలంలో ఎలుకలు, కుందేళ్లు మంచు కింద బెరడును చుట్టూ కొరికి చంపేస్తాయి. తోట మొత్తానికి కంచె వేయాలంటే ఎనిమిది అడుగులు కావాలి, ఎందుకంటే తెల్లతోక జింక ఏడడుగులు అవలీలగా దూకుతుంది. కొందరు కరెంటు తీగకు వేరుశనగ ముద్ద పూసిన రేకు వేలాడదీస్తారు. ముక్కుకు ఒక్కసారి షాక్ తగిలితే జింక ఆ దరికి మళ్లీ రాదు. సబ్బు ముక్కలు వేలాడదీసే పద్ధతి ఆకలి లేని జింకల మీదే పనిచేస్తుంది.

చట్టం గురించి ఒక మాట. కాయలు బస్తాలకొద్దీ తెచ్చి కుప్పపోసి వేటాడటం న్యూయార్క్, పెన్సిల్వేనియా వంటి చాలాచోట్ల నిషిద్ధం. చెట్టు నుంచి సహజంగా రాలిన కాయకు సాధారణంగా ఆ ఆంక్ష లేదు. జింకలు ఒకచోట గుమిగూడితే క్రానిక్ వేస్టింగ్ అనే ప్రాణాంతక మెదడు జబ్బు వ్యాపించే ప్రమాదం ఉంది. 1967లో కొలరాడోలో మొదట కనిపించిన ఆ జబ్బు ఇప్పుడు చాలా రాష్ట్రాలకు పాకింది. అందుకే చెట్లను కూడా ఒకేచోట గుంపుగా కాక దూరదూరంగా నాటమంటాను. జింకతో పాటు లైమ్ వ్యాధిని అంటించే పిడుదులూ వస్తాయి కాబట్టి పిల్లలు ఆడుకునే చోటికి ఆపిల్ చెట్టు దూరంగా ఉండాలి.

న్యూజెర్సీ, ఒహాయో, మిషిగన్‌లలో స్థిరపడ్డ మన కుటుంబాలకు ఇదంతా పరాయి విషయమేమీ కాదు. పెరట్లో గోంగూర, బీర పాదు పెట్టిన ప్రతివాళ్లకూ జింకల బాధ తెలుసు. ఉగాది పచ్చడికి మామిడికాయ దొరకని ఊళ్లలో గ్రానీ స్మిత్ తరిగినవాళ్లు ఎందరో. శరదృతువులో ఊరగాయకు ఇంటి చెట్టు కావాలంటే, కొంచెం పచ్చిగా కోసిన పులుపు క్రాబ్ సరిపోతుంది, ఆవపిండి కారం కలిపితే నోరూరించే ముక్క అవుతుంది. దక్షిణ టెక్సస్, ఫ్లోరిడాల్లో ఉన్నవాళ్లు మాత్రం పై రకాలను మరిచిపోవాలి. మామూలు ఆపిల్‌కు చలికాలంలో ఏడు డిగ్రీల సెల్సియస్‌కు దిగువన వేయి గంటల దాకా చలి కావాలి. ఆ చలి లేనిచోట ఇజ్రాయెల్ నుంచి వచ్చిన అన్నా, బహామాస్ నుంచి వచ్చిన డోర్సెట్ గోల్డెన్ వంటి రకాలే కాస్తాయి. ఇదే కోవలో హిమాచల్‌లో రూపొందిన హెచ్‌ఆర్‌ఎమ్ఎన్ 99 మన ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో 2020లో కాపుకొచ్చింది.

ఐదు చెట్లకు చోటుంటే నా జాబితా ఇది: చెస్ట్‌నట్ క్రాబ్, లిబర్టీ, ఎంటర్‌ప్రైజ్, గోల్డ్‌రష్, కెర్. ఉత్తర సరిహద్దు చలిలో గోల్డ్‌రష్ పండేలోపే మంచు కొడుతుంది, అక్కడ దాని బదులు హరల్సన్. దగ్గర్లో ఎర్ర దేవదారు అని పిలిచే జూనిపర్లు ఉంటే గోల్డ్‌రష్‌కు ఆకుల తుప్పు తెగులు తప్పదు, అక్కడా మార్చాల్సిందే. ఐదూ ఎంఎం 111 లేదా బి 118 మీద. ఈ రకాలకు గిరాకీ ఎక్కువ, పెద్ద వేర్ల మీద అంటు మొక్కలు వసంతానికి ముందే అమ్ముడైపోతాయి. వచ్చే ఏడు నాటదలిస్తే ఈ శరదృతువులోనే ఆర్డరు పెట్టండి, ఇనుప వల కూడా దానితో పాటే కొనండి.